తెలుగు పీరియడ్‌లో నాటకం: తొమ్మిది, పది తరగతులతో క్లాసు ఎలా నడపాలి

గోదావరి జిల్లాల్లో బడి పిల్లల నాటకానికి పాత చరిత్రే ఉంది. 1880లో కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో విద్యార్థులను కూడగట్టి నాటకాలు ఆడించారు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16నే ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నారు. అయినా మన బడుల్లో నేడు చాలాచోట్ల మిగిలింది వార్షికోత్సవం ఐటెం ఒక్కటే. గొంతున్న నలుగురు పిల్లల్ని ఏరుకుంటాం, పది రోజులు బట్టీ పట్టిస్తాం, మైకు ముందు నిలబెట్టి అప్పజెప్పిస్తాం. మిగతా ముప్పై ఆరుగురూ కింద కూర్చుని చప్పట్లు కొడతారు.

ఇక్కడ రాస్తున్నది దాని గురించి కాదు. క్లాసులో నలభై మంది ఉంటే నలభై మందీ ఒకే నాటకాన్ని చదవాలి. ప్రతి ఒక్కరూ కనీసం పది మాటలు సొంత గొంతుతో పలకాలి. ఆ మాట ఎవరు, ఎవరితో, ఏం కావాలని అన్నారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. ప్రదర్శన ఆ చదువుకు చివర్లో వచ్చే ఫలితం మాత్రమే. దీన్ని తిరగేసి, ప్రదర్శన కోసం చదువు మొదలుపెడితే ఈ పద్ధతి పనిచేయదు.

ముందు కేలండరు

జూన్‌లో బడి తెరిచిన వారంలోనే హెచ్చెమ్ గారితో కూర్చుని తేదీలు రాసుకోండి. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కొక్కటి 45 నిమిషాలు చాలు. రెండూ పక్కపక్కన ఉంటే మరీ మంచిది. జూలై మొదటి వారం నుంచి డిసెంబరు రెండో వారం దాకా సెలవులు, పరీక్షలు తీసేస్తే 30 పీరియడ్ల పైమాట చేతికొస్తాయి. దానికి మించి అడగవద్దు. లెక్కల మాస్టారి పీరియడ్ లాక్కుని రిహార్సల్ చేయిస్తే మరుసటి ఏడాది ఈ క్లాసే ఉండదు.

డెల్టాలో తేదీలు పెట్టేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు వస్తాయి. వరసగా నాలుగైదు రోజులు బడి ఉండకపోవచ్చు. సార్వా (ఖరీఫ్ వరి) కోతలప్పుడు కొందరు పిల్లలు పొలం పనులకో, తమ్ముళ్ళను చూసుకోవడానికో ఇంట్లో ఉండిపోతారు. డిసెంబరు 15 దాటితే చర్చిల్లో క్రిస్మస్ కార్యక్రమాల రిహార్సళ్ళు మొదలవుతాయి, మీ నటుల్లో సగం మంది సాయంత్రాలు అక్కడే. అందుకని పెద్ద ప్రదర్శన డిసెంబరు రెండో శనివారం లోపల పెట్టుకోండి. దానికి వారం తర్వాత ఇంకో తేదీని కూడా ముందే రాసి పెట్టుకోండి. సెప్టెంబరు 21 గురజాడ జయంతి నాడు తరగతి గదిలోనే, వేషాలూ మైకులూ లేకుండా, పుస్తకం చేత్తో పట్టుకుని చదివే చిన్న ప్రదర్శన ఒకటి ఉంటే పిల్లలకు మధ్యలో ఒక గమ్యం ఉంటుంది.

పదో తరగతి వాళ్ళను సంక్రాంతి తర్వాత కదపవద్దు. వాళ్ళ తల్లిదండ్రులకు ఆ మాట జూన్‌లోనే చెప్పేయండి. ఇంకో మాట కూడా చెప్పవచ్చు: పరీక్షలో సంభాషణ రాయమనీ, ఏకపాత్రాభినయం రాయమనీ అడిగే సృజనాత్మక ప్రశ్నలకు ఇంతకంటే మంచి సాధన లేదు.

లంక గ్రామాల పిల్లలు రేవు దాటి వెళ్ళాలి. చివరి పడవ వేళ, చివరి బస్సు వేళ కనుక్కుని, దానికి అరగంట ముందే రిహార్సల్ ఆపేయాలి. ఆడపిల్లలు ఆగస్టులో ఉత్సాహంగా చేరి అక్టోబరులో మానేశారంటే నూటికి తొంభై పాళ్ళు కారణం ఇదే. ఇంటికి చేరేసరికి చీకటి పడుతోంది, అమ్మ వద్దంది. పాత్ర నచ్చక కాదు.

టెక్స్ట్ ఎంచుకోవడం

సులువుగా ఉంటుందని ఏదో నీతి నాటిక తీసుకోవద్దు. ‘చెట్లు నరకవద్దు’, ‘పొగ తాగవద్దు’ నాటికల్లో చదవడానికి ఏమీ ఉండదు. ఎవరేమంటారో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. పిల్లలు రెండు నెలలు తవ్వినా తరగని రచన కావాలి.

పెద్ద తరగతులకు మా మొదటి ఓటు గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ నాటకానికే. 1892లో తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదివేది 1909 నాటి రెండో కూర్పు. ఏడు అంకాలు. మొత్తం ఆడే పని పెట్టుకోవద్దు, అయిదు ఘట్టాలు తీసుకోండి: మొదటి అంకంలో మాటకారి మోసగాడు గిరీశం, అతని దగ్గర చదువుకునే వెంకటేశం మాటలు, అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో ఆయన చిన్న కూతురు సుబ్బి పెళ్ళి గురించి ఆయన భార్య వెంకమ్మ, ఆమె తోబుట్టువు కరటక శాస్త్రి చేసే వాదన, కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేయించాలని ఉపాయం పన్నడం, ముసలి పెళ్ళికొడుకు లుబ్ధావధాన్లతో ఆ దొంగ పెళ్ళికూతురి బేరం, చివర వకీలు సౌజన్యరావు దగ్గర గిరీశం బండారం బయటపడడం. ఒక్కో ఘట్టాన్ని 5, 6 నిమిషాలకు కుదించండి. కుదించేటప్పుడు మాటలు కొట్టేయవచ్చు గానీ కొత్త మాటలు చేర్చకూడదు. బాల్యవివాహాలు, వితంతువుల బతుకు, వేశ్యావృత్తి అన్నీ ఇందులో ఉన్నాయి కాబట్టి ఎంచుకున్న పేజీలు హెచ్చెమ్ గారికి, ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులకు ముందే చూపించండి. తర్వాత వచ్చే గొడవలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

గురజాడ గారు 1915లో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్ళ తర్వాత హక్కులు ఉండవు కాబట్టి కుదించినా, జిరాక్సు తీసి పంచినా ఇబ్బంది లేదు. వీరేశలింగం గారి ప్రహసనాలకూ (ఆయన పోయింది 1919లో), చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి నాటకాలకూ (ఆయన పోయింది 1946లో) ఇదే లెక్క. ఈ మధ్య రాసిన నాటిక తీసుకుంటే రచయితకు ఒక ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకోవడం మర్యాద. చాలామంది సంతోషంగా ఇస్తారు.

నిడివి అంచనా వేయడానికి ఒక పద్ధతి ఉంది. గడియారం పెట్టుకుని మీరే గట్టిగా, అన్ని పాత్రలూ మీరే అయి చదవండి. వచ్చిన సమయానికి పావు వంతు కలపండి. స్టేజీ మీద అంత పడుతుంది. మొత్తం 30 నిమిషాలు దాటితే కోసేయాల్సిందే. బడి ఆవరణలో పిల్లల ఓపిక అంతవరకే.

మొదటి ఆరు పీరియడ్లు: కింద కూర్చుని చదవడం

బెంచీలు పక్కకు జరిపి అందరూ గుండ్రంగా కూర్చోవాలి. పాత్రలు పంచవద్దు. ఎవరి వంతు వస్తే వాళ్ళు తరువాతి మాట చదువుతారు. గిరీశం మాట ఒక ఆడపిల్లకు, వెంకమ్మ మాట చివరి బెంచీ కుర్రాడికి పడుతుంది. అదే కావాలి. మొదటి రోజే ‘నువ్వు గిరీశం’ అని చెప్పేస్తే ఆ పిల్లవాడు తన మాటల కింద గీతలు గీసుకుని మిగతా పుస్తకం మూసేస్తాడు.

ఒక పేజీ అయ్యాక ఆగి మూడే ప్రశ్నలు అడగండి. ఈ మాట ఎవరితో అన్నాడు? ఏం కావాలని అన్నాడు? అది దొరికిందా? ‘ఈ పాత్ర స్వభావం వివరించండి’ అన్న ప్రశ్న ఇప్పుడే వేయవద్దు. గైడులో ఉన్న జవాబు వస్తుంది. ‘అవధాన్లు ఇప్పుడు భార్య మీద ఎందుకు అరిచాడు, మాట మార్చడానికా, నిజంగా కోపమా?’ అని అడిగితే గైడులో దొరకదు. రెండు వర్గాలుగా చీలి వాదించుకుంటారు. ఆ వాదన పది నిమిషాలు సాగినా సాగనివ్వండి.

మాటల పట్టిక ఒకటి గోడకు అంటించండి. ఈ నాటకం భాష విజయనగరం ప్రాంతానిది, మన డెల్టా మాట కాదు. అర్థం కాని మాటలు పిల్లలే రాయాలి, ఇంట్లో ముసలివాళ్ళను అడిగి అర్థం తేవాలి. ఊళ్ళ పేర్లు కూడా అందులో చేర్చండి. నాటకంలో లుబ్ధావధాన్లు ఉండేది రామచంద్రపురం అగ్రహారం. పిల్లలు తప్పకుండా గోదావరి జిల్లాలో ఉన్న మన రామచంద్రపురమే అనుకుంటారు.

చరిత్ర ఒక పీరియడ్‌లో చెప్పేయవచ్చు. 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు, పదకొండేళ్ళ తర్వాత ఈ నాటకం రంగం ఎక్కింది, బాల్యవివాహాల నిరోధానికి చట్టం 1929లో గానీ రాలేదు. ఈ మూడు తేదీలూ బోర్డు మీద రాసి, ‘బుచ్చమ్మ (అగ్నిహోత్రావధాన్లు పెద్ద కూతురు, చిన్నతనంలోనే వితంతువు) నిజంగా ఉండి ఉంటే చట్టం వచ్చేనాటికి ఎన్నేళ్ళుండేవి?’ అని లెక్క కట్టించండి. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఆ అంకె చూసి ఊరుకోరు.

కులం గురించి ఒక హెచ్చరిక. పాత నాటకాల్లో కులాల పేర్లు, వాటి మీద వేళాకోళాలు ఉంటాయి. చదివే రోజునే, ‘ఇది ఆనాటి మాట, రచయిత దేన్ని ఎత్తిచూపడానికి వాడాడో చూద్దాం’ అని తేల్చి చెప్పండి. పాత్రలు ఇచ్చేటప్పుడు పిల్లల కులాన్ని పాత్ర కులంతో జత చేయకండి. పొరపాటున అలా కుదిరినా మార్చేయండి. ప్రదర్శన అయ్యాక కూడా పేర్లు పెట్టి పిలుచుకోవడం ఆ జత నుంచే పుడుతుంది.

నోరు తిరగడం

ప్రతి పీరియడ్ మొదట్లో ఏడెనిమిది నిమిషాలు దీనికే. నిలబడి, ముక్కుతో గాలి తీసి, ‘స్’ అంటూ సన్నగా వదలాలి. మొదట్లో పది సెకన్లకే అయిపోతుంది. నెల తిరిగేసరికి ఇరవై, పాతిక సెకన్లు నిలుస్తుంది. భుజాలు పైకి లేస్తున్నాయంటే గాలి ఛాతీలోకే వెళుతోంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకోమనండి, చెయ్యి ముందుకు కదలాలి.

ఒత్తులు మనవాళ్ళకు పెద్ద లోటు. లుబ్ధావధాన్లు కాస్తా ‘లుబ్దావదాన్లు’ అయిపోతాడు. సన్నటి కాగితం ముక్క పెదవుల ముందు వేలాడదీసి ‘ద’ అనమనండి, కదలదు. ‘ధ’ అంటే కదలాలి. బ–భ, క–ఖ, ట–ఠ ఇలాగే. ‘నీళ్ళు’ను ‘నీల్లు’, ‘శాస్త్రి’ని ‘సాస్త్రి’ అనేవాళ్ళు క్లాసులో సగం మంది ఉంటారు. నలుగురిలో తప్పు పట్టవద్దు. ఇద్దరిద్దరిని జతలు కట్టి ఒకరిది ఒకరు దిద్దుకోమంటే సిగ్గుపడకుండా నేర్చుకుంటారు.

ఇది పుస్తక నాటకానికి. పిల్లలే సొంతంగా సన్నివేశం రాసుకున్నప్పుడు మాత్రం వాళ్ళ ఇంటి మాటనే పలకనివ్వండి. ‘ఆయ్’, ‘కాదండీ మరీ’ అంటూ మాట్లాడే పిల్లవాడి చేత ‘అవును, అలాగే జరిగింది’ అని పలికిస్తే ఆ పిల్లవాడు కర్రలా బిగుసుకుపోతాడు.

తర్వాత ఒక్క మాట తీసుకోండి: ‘వచ్చావా?’ దీన్ని పరీక్ష తప్పి ఇంటికొచ్చిన కొడుకుతో నాన్న అనాలి. దుబాయి నుంచి మూడేళ్ళకు వచ్చిన కొడుకుతో అమ్మ అనాలి. అప్పు వసూలుకు వచ్చినవాడితో బాకీ ఉన్నవాడు అనాలి. పదిమందితో పలికించి, ఎవరు ఎవరితో అన్నారో మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని కనిపెట్టాలి. కనిపెట్టలేకపోతే పలికినవాడు మళ్ళీ పలకాలి. వాచికం, అంటే మాటతో చేసే నటన, ఏమిటో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

పద్యం చేతికి ఇచ్చేటప్పుడు

తిరుపతి వేంకట కవులనే జంటకవుల ఊళ్ళు చెప్పగానే మన పిల్లలకు ఆసక్తి పుడుతుంది. చెళ్ళపిళ్ళ వారిది కడియం, దివాకర్ల వారిది యండగండి. వాళ్ళు రాసిన శ్రీకృష్ణ రాయబారం పద్యాలు గుళ్ళ దగ్గర మైకుల్లో విని పెరిగిన పిల్లలు పద్యం అనగానే రాగం అందుకుంటారు. చివరి అక్షరం మీద అర నిమిషం సాగదీస్తారు, మధ్యలో మాటలు మింగేస్తారు. అందుకని మొదటి మూడు రోజులు రాగం నిషేధించండి. ముందు మాటగా చదవాలి.

సాధన కోసం ఈ తేటగీతి వాడుకోండి. మనవడు తాతను పిలుస్తున్నాడు (లస్కరు అంటే లాకు దగ్గర నీరు వదిలే పనివాడు, మడవ అంటే చేలోకి నీరు వెళ్ళే గండి, తడయ వలదు అంటే ఆలస్యం చేయవద్దు):

కాల్వ నీరు వచ్చెను తాత! కదలి రమ్ము
లాకు దగ్గర నిలిచిరి లస్కరులును
మడవ తీసిన చాలును, మనదు చేను
తడియు నిప్పుడే, పొద్దుండ తడయ వలదు

తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు ఉంటాయి. నాలుగో గణం మొదటి అక్షరం యతి. ‘కా’కు ‘క’, ‘లా’కు ‘ల’, ‘మ’కు ‘మ’, ‘త’కు ‘త’ కుదిరాయి. గణ విభజన బోర్డు మీద పిల్లలే చేయాలి. ‘నీరు వచ్చెను’ దగ్గర తడబడతారు. ‘వచ్’ దగ్గర గణం తెగుతుంది, మాట తెగదు.

ఇప్పుడు చదివించండి. పదిమందిలో ఎనిమిది మంది ప్రతి పాదం చివరా ఆగుతారు. ‘మడవ తీసిన చాలును, మనదు చేను’ అని ఆగి, గాలి తీసుకుని, ‘తడియు నిప్పుడే’ అంటారు. చేను ఒకచోట, తడవడం ఇంకోచోట అయిపోయాయి. అక్కడ ఆగకూడదు. ‘మనదు చేను తడియు నిప్పుడే’ ఒక్క ఊపిరిలో రావాలి. గాలి తీసుకోవలసింది దానికి ముందు, ‘చాలును’ దగ్గర. ఇంకొందరు యతి దగ్గర ఆగుతారు: ‘పొద్దుండ’ అని ఆగి ‘తడయ వలదు’ అంటారు. తెలుగులో యతి అక్షరాల మైత్రి, ఆగే చోటు కాదు. మొదటి పాదంలో ‘తాత!’ తర్వాత ఆగుతామంటే అక్కడ పిలుపు ముగిసింది కాబట్టి. యతి ఉంది కాబట్టి కాదు. ఊపిరి తీసే చోట్ల ఎర్ర పెన్సిల్‌తో నిలువు గీత పెట్టించండి. క్లాసు మొత్తం గీతలు ఒకేచోట పడక్కర్లేదు. ఎందుకు పెట్టాడో చెప్పగలిగితే చాలు.

నాలుగో రోజు రాగం. ఆడపిల్లలకు 5 లేక 5½ శ్రుతి, గొంతు మారిన మగపిల్లలకు 1, 1½ దగ్గర మొదలుపెట్టండి. హార్మోనియం లేకపోతే ఫోన్లో తంబూరా యాప్ చాలు. తొమ్మిదో తరగతి కుర్రాళ్ళకు గొంతు విరుగుతూ ఉంటుంది. జూలైలో పాడినవాడు నవంబరుకు పాడలేకపోవచ్చు. బలవంతంగా పై శ్రుతికి ఎక్కిస్తే గొంతు బొంగురుపోతుంది. అలాంటివాడికి శ్రుతి వెనక మోగుతుండగా పద్యాన్ని మాటగా చెప్పించండి, అదీ బాగుంటుంది. ఆలాపన పద్యం చివర ఒక్కసారే, అయిదు సెకన్లు మించకుండా.

పాత్రలు, పనులు పంచడం

నలభై మందిని ఎనిమిదేసి మంది చొప్పున అయిదు జట్లు చేయండి. జట్టుకొక ఘట్టం. ప్రతి జట్టులో నటించేవాళ్ళు నలుగురైదుగురు, నటుడు మాట మరిచిపోతే అందించే ప్రాంప్టర్ ఒకరు, సామాను చూసేవారు ఒకరు, జట్టును నడిపేవారు ఒకరు. ఇంకో పిల్ల మిగిలితే ఘట్టానికి ముందు వచ్చి రెండు వాక్యాల్లో కథ అందించే ప్రస్తావన ఇవ్వండి. నటించనివాళ్ళకు కూడా ప్రస్తావనో, గుంపులో మాటో తప్పనిసరి. గిరీశం అయిదుసార్లు వస్తే అయిదుగురు గిరీశాలు ఉంటారు. ప్రేక్షకులు తికమకపడకుండా అందరికీ ఒకే గుర్తు, ఒకే రంగు కండువా లాంటిది, పెట్టండి.

ఎవరికి ఏ పాత్ర అన్నది ఏడో పీరియడ్‌లో, ముగ్గురు ముగ్గురి చేత ఒకే పేజీ చదివించి తేల్చండి. గట్టి గొంతు చూసి ఇవ్వవద్దు, ఎదుటివాడి మాట విని జవాబిచ్చేవాడికి ఇవ్వండి. గొంతు పెంచడం నేర్పవచ్చు. వినడం నేర్పడానికి చాలా కాలం పడుతుంది. ఆడపిల్ల అవధాన్లు వేయవచ్చు, కుర్రాడు వెంకమ్మ వేయవచ్చు. కరటక శాస్త్రి శిష్యుడి ఆడవేషం వేసేవాణ్ణి మాత్రం జాగ్రత్తగా చూడాలి. అతన్ని క్లాసు ఏడిపించకుండా మొదటి రోజే మీరు గట్టిగా నిలబడాలి.

మాటలు కంఠతా రావడానికి గడువు దసరా సెలవులు. తిరిగి వచ్చాక పుస్తకం చేతిలో ఉండకూడదు. పుస్తకం పట్టుకున్న చెయ్యి నటించదు, పుస్తకం చూసే కన్ను ఎదుటివాణ్ణి చూడదు.

ప్రాంప్టర్‌కు విడిగా రెండు పీరియడ్ల శిక్షణ ఇవ్వాలి. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, నాటకం చెడేదీ ఇక్కడే. నటుడు కావాలని ఆగిన చోట ప్రాంప్టర్ కంగారుపడి మాట అందిస్తే ఆ మౌనం పోతుంది, ప్రేక్షకులు నవ్వుతారు. అందుకే ప్రాంప్టర్ ప్రతిలో ఆగే చోట్లన్నిటికీ రెండు నిలువు గీతలు ఉండాలి. గీతలు లేని చోట ఆగితే మనసులో మూడు లెక్కపెట్టి, వాక్యంలో మొదటి రెండు మాటలు మాత్రమే అందించాలి. వాక్యం మొత్తం చదివేస్తే నటుడు దాన్ని అప్పజెబుతాడు. పక్క తెర వెనక, నటుల కళ్ళకు కనిపించేలా కూర్చోవాలి.

నేల మీద ముగ్గు

స్టేజీ కొలత ముందే తీసుకోండి. బడిలో అరుగు 20 అడుగుల వెడల్పు, 14 అడుగుల లోతు ఉందనుకోండి, అదే కొలత గ్రౌండ్‌లో ముగ్గుతో గీయండి. ఇంట్లోకి వెళ్ళే గుమ్మం ఎక్కడో, వీధి ఎటువైపో అందులోనే గుర్తు పెట్టండి. తరగతి గదిలో నేర్చుకున్న నడక అసలు స్టేజీ మీద పనికిరాదు. నాలుగడుగుల్లో చేరినవాడు పది అడుగులు నడవాలి, మాట మధ్యలో అయిపోతుంది. రిహార్సల్ కొబ్బరిచెట్ల కింద పెట్టవద్దు. నీడ బాగుంటుంది గానీ కాయ, మట్ట ఎప్పుడు పడుతుందో చెప్పలేం. రేకుల షెడ్డు కింద వాన పడితే ఎవరి మాటా వినబడదు. ఆ రోజు నడక, చూపు, చేతులు మాత్రమే సాధన చేయించండి.

మాట లేనివాడు ఏం చేయాలన్నది అన్నిటికంటే కష్టం. ఊరికే నిలబడి ప్రేక్షకుల్లో అమ్మ కోసం వెతుకుతాడు. ప్రతి మాట లేని క్షణానికీ ఒక పని ఇవ్వండి. వెంకమ్మ వత్తులు చేస్తుంది, శిష్యుడు పంచె మడత పెడతాడు. పని నిజంగా జరగాలి. దూది నిజమైనదై ఉండాలి, వత్తి నిజంగా తయారవ్వాలి. పది నిమిషాల తర్వాత పళ్ళెంలో ఆరు వత్తులు కనబడ్డాయంటే ఆ పిల్ల మొత్తం సేపూ ఆ ఇంట్లోనే ఉన్నట్టు.

మైకు, వెలుతురు

మన బడుల్లో నాటకాన్ని చంపేది మైకు. ఒకటే మైకు మధ్యలో పెడితే ప్రతివాడూ దాని ముందుకు పరిగెత్తి, మాట చెప్పి, పక్కకు తప్పుకుంటాడు. అగ్నిహోత్రావధాన్లు భార్యతో పోట్లాడడు, మైకుతో పోట్లాడతాడు. ప్రేక్షకులు 150 లోపల ఉండి, హాలు మూసినదైతే మైకు వద్దు. ఆరుబయట అయితే స్టేజీ అంచున పొట్టి స్టాండ్ల మీద మూడు మైకులు, ఆరేసి అడుగుల దూరంలో పెట్టించండి. నటులు వాటిని పట్టించుకోకూడదు. స్పీకర్లు మైకుల కంటే ముందుకు, ప్రేక్షకుల వైపు తిరిగి ఉండాలి. వెనక ఉంటే స్పీకరు శబ్దం మళ్ళీ మైకులో పడి కూస్తుంది. మైక్‌సెట్ అబ్బాయికి ఇది రిహార్సల్ రోజునే చెప్పాలి, ప్రదర్శన రోజున వినడు.

సాయంత్రం మూడింటికి ఆడేటట్లయితే స్టేజీ దక్షిణం వైపు చూసేలా వేయించండి. పడమర వైపు చూస్తే ఎండ పిల్లల కళ్ళలో పడుతుంది. తూర్పు వైపు చూస్తే ప్రేక్షకులు ఎండలోకి చూడాలి, నటుల ముఖాలు నల్లగా కనబడతాయి. కరెంటు పోతే ఏం చేయాలో కూడా ఒకసారి సాధన చేయించండి. ఆగకుండా గొంతు పెంచి, రెండడుగులు ముందుకు వచ్చి కొనసాగించాలి.

వేషం

అద్దెకు తేవద్దు. పంచెలు, కండువాలు, నేత చీరలు ఇళ్ళలో ఉంటాయి. పంచె కట్టడం రాని పిల్లలు వారం ముందు నుంచే కట్టుకుని నడవాలి, లేకపోతే స్టేజీ మీద ఒక చెయ్యి ఎప్పుడూ నడుం మీదే ఉంటుంది. రంగు పల్చగా చాలు, పగటి వెలుతురులో కాటుక, కొద్దిగా పౌడరు. పాతకాలపు అర్దళం (ముఖానికి పూసే పసుపు రంగు పొడి) ఎవరైనా ఇస్తానన్నా తీసుకోవద్దు, అందులో ఆర్సెనిక్ ఉంటుంది. మీసానికి వాడే జిగురు ముందు రోజు మోచేతి లోపలి వైపు రాసి చూడండి. దద్దురు వస్తే కాటుకతోనే మీసం గీయవచ్చు.

ప్రదర్శన రోజు, ఆ తర్వాత

మధ్యాహ్న భోజనం మామూలు వేళకే, కొంచెం తక్కువగా. రెండింటికల్లా అందరూ వేషాల్లో ఉండాలి. రెండున్నరకు గుండ్రంగా నిలబడి మామూలు ఊపిరి సాధన, తర్వాత ప్రతి జట్టూ తమ మొదటి నాలుగు మాటలు, చివరి నాలుగు మాటలు మాత్రం చెప్పుకోవాలి. పూర్తి రిహార్సల్ ఆ రోజు వద్దు, ఉన్న ఊపు అక్కడే అయిపోతుంది. కొత్త సలహాలు ఇవ్వవద్దు. నాటకం మొదలయ్యాక మీరు తెర వెనక ఉండకండి, ప్రేక్షకుల్లో చివరి వరసలో కూర్చోండి. మీరు వెనక ఉంటే పిల్లలు తప్పు జరిగిన ప్రతిసారీ మీ ముఖం చూస్తారు.

మార్కులు వేయవలసి వస్తే 20కి ఇలా వేయండి: తన మాటలకు అర్థం, కారణం చెప్పగలగడానికి 8, ఉచ్చారణలో జూలై నుంచి వచ్చిన మెరుగుదలకు 5, జట్టులో పనికి 4, నోటు పుస్తకానికి 3. నటన బాగుందని మార్కులు వేయవద్దు. అది కొందరికి పుట్టుకతో వస్తుంది. మాట అర్థం చేసుకోవడం మాత్రం క్లాసులో నేర్చుకున్నదే.

మర్నాటి పీరియడ్‌లో అందరినీ మళ్ళీ గుండ్రంగా కూర్చోబెట్టండి. ‘పాత్ర స్వభావం వివరించండి’ అన్న ప్రశ్న ఇప్పుడు వేయండి, గైడు చూడకుండా ఒక పేజీ రాయమనండి. ఆ పేజీలు, ఎర్ర గీతలు పెట్టిన ప్రతులు, ప్రాంప్టర్ ప్రతి, ముగ్గు కొలతలు రాసిన కాగితం, పాత్రల జాబితా అన్నీ ఒక ఫైలులో పెట్టి లైబ్రరీ బీరువాలో పై అరలో ఉంచండి. కింది అరలో పెడితే వానాకాలంలో చెమ్మ పడుతుంది. వచ్చే జూలైలో ఎనిమిదో తరగతి నుంచి వచ్చిన పిల్లలకు మొదటి రోజు ఆ ఫైలు చేతికిస్తే, వాళ్ళ అక్కలు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో చూస్తారు.